పద్నాలుగు కిలోలు

మడికొండ
జూన్ 10

చిరంజీవి సౌభాగ్యవతి మరదలు భవానికి మీ వదిన తిరుమల దీవెనలు.

ఫోన్ ఉండగా ఈ చిట్టీలేంటని నవ్వకు. నీ ఫోన్ పొద్దంతా మా తమ్ముడి చేతిలోనే ఉంటుందని నాకు తెలుసు. మంచాన పడ్డవాడికి అది తప్ప ఏముంది? మనం మాట్లాడుకునే ప్రతి ముక్కా స్పీకరు పెట్టి వింటాడు. అందుకే పెరుగు మల్లక్క చేతికి ఇస్తున్నాను. రోజూ పరకాల నుంచి పెరుగు తెచ్చి ఇక్కడ అమ్ముకుని పోతుంది కదా, తిరుగు ప్రయాణంలో ఖాళీ గిన్నెలో ఈ కాగితం పెట్టుకుంటానంది. ఆమెకు చదువు రాదు, మనకు ఫికర్ లేదు.

నిన్న హైదరాబాద్ దవాఖానలో తేలిన సంగతి చెబుతాను. నా రక్తం తమ్ముడు సదానందం రక్తంతో కలిసింది. నీది కలవలేదు. నీ బిడ్డ సింధుకు పదహారేళ్ళే, దాన్ని అడగనే అడగరు. ఇక మిగిలింది నేనే. వాడి లివర్ ఎండిపోయింది కాబట్టి నా దాంట్లోంచి ముక్క కోసి వాడికి పెడతారు. ఇద్దరికీ మళ్ళీ పెరుగుతుందట, అది దేవుడు చేసిన మంచి పని. చిక్కు ఎక్కడొచ్చిందంటే, నా లివర్‌కు కొవ్వు పట్టింది. ఇట్లా ఉంటే కొయ్యరట. డాక్టరమ్మ నన్ను త్రాసు మీద నిలబెట్టి, "ఎనభై ఆరు ఉన్నవమ్మా. పద్నాలుగు కిలోలు తగ్గి రా. దసరా దాకా మీ తమ్ముణ్ణి మేం కాపాడుకుంటం" అంది.

ఇరవై ఏళ్ళు మిషను మీద కూర్చుని ఊరందరి జాకెట్ల కొలతలు తీశాను గానీ, నా నడుము మీద ఎన్నడూ టేపు పెట్టలేదు. మీ అన్నయ్య ఓంప్రకాశ్ నిన్న పెడితే టేపు సరిపోలేదు. నవ్వాడు, తర్వాత పక్కకు పోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కంపెనీల క్యాబు తోలుతాడు, పొద్దున నాలుగింటికే పోతాడు, నాకు తోడు రాలేడు. పక్కింటి వజీరాకు షుగర్ ఉంది, ఆమెనూ నడవమన్నారు. రేపటి నుంచి ఇద్దరం మెట్టుగుట్ట ఎక్కుతాం.

వాడికి చెప్పు, అక్క వస్తుందని.

మీ వదిన,
తిరుమల


పరకాల
జూన్ 17

వదినకు భవాని శనార్థులు.

నీ చిట్టీ పెరుగు వాసనతో అందింది. మీ తమ్ముడికి దవాఖాన సంగతి చెప్పాను. "మా అక్కను కోస్తరా? నేనొప్పుకోను" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒక పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ మెల్లగా అడిగాడు, "అక్క గుట్ట ఎక్కుతాందా?" అని. నాకు అప్పుడు ప్రాణం లేచి వచ్చింది. ఎన్ని నెలలైందో వదినా, ఆయన రేపటి గురించి ఒక మాట అడిగి.

మల్లక్కతో ఒక డబ్బా పంపుతున్నాను. నాటుకోడి కూర, నాలుగు సర్వపిండ్లు. మా అమ్మ చేసి ఇచ్చింది. "ఇచ్చేదానికి బలం ఉండాలె బిడ్డా, ఎండిపోయిన మనిషి ఏమిస్తది" అంటుంది. వద్దనకు, ఆమె బాధపడుతుంది.

మోకాళ్ళు జాగ్రత్త.

నీ మరదలు,
భవాని


మడికొండ
జూలై 1

మరదలు పిల్లకు,

మీ అమ్మకు దండం పెట్టి చెప్పు, ఇవ్వాల్సింది లివర్ అని, మాంసం కాదని. కోడికూర మీ అన్నయ్య తిన్నాడు. సర్వపిండి మాత్రం ఒక ముక్క విరిచి వాసన చూసి, ఆ వాసనతోనే పొద్దున దాకా గడిపాను. ఆశ లావు పీక సన్నం అంటారు, నాకు పీక కూడా లావే, అదే కష్టం.

మొదటి రోజు గుట్ట మీద నలభై మెట్లకే కూలబడ్డాను. గుండె చెవుల్లో కొట్టుకుంది. పైనుంచి దిగే ముసలాయన ఒకాయన ఆగి, "ఎవలమ్మా, నీళ్ళు గావాల్నా?" అన్నాడు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. వజీరా కొంగు పట్టి లేపింది. "చల్ తిరుమలా, నీ తమ్ముడు పైన కూసున్నడనుకో, ఇంక పది మెట్లు" అంది. ఆ పది మెట్లను రోజూ ఇంకో పది చేస్తోంది. పదకొండో రోజుకు పైదాకా పోయాను.

అన్నం మానేశాను. పొద్దున జొన్నరవ్వ గట్క, పల్చటి మజ్జిగ. పగలు ఒక్క జొన్న రొట్టె, ఆకుకూర పప్పు. పొద్దు గూకినంక దోసకాయలు, ఉడికించిన పెసర్లు, అంతే. చక్కెర లేని చాయ్ తాగుతున్నాను, అది చాయ్ అని ఎవరైనా అంటే తంతాను. చెప్పొద్దూ, రోజూ ఏడుపొస్తుంది. ఆకలికి ఏడుస్తున్నానో, వాడి కోసం ఏడుస్తున్నానో నాకే తెలియదు.

ఇవాళ ఎనభై మూడు. వాడికి చెప్పు.

తిరుమల


పరకాల
జూలై 22

వదినకు శనార్థులు.

ఎనభై ఒకటి అని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. మంచం పక్కన క్యాలెండర్ వేలాడదీయించుకుని ప్రతి ఆదివారం గడిలో నీ బరువు రాసుకుంటున్నాడు. సింధు ఏడిపిస్తోంది, "బాపూ, అత్తకు పరీక్షలా, నీకా?" అని. దసరా తర్వాత మళ్ళీ ఎరువుల దుకాణం తెరుస్తాడట, ఈసారి దుకాణం ముందు నీడకు రేకులు వేయిస్తాడట. నాతో గంటసేపు ఆ రేకుల గురించే మాట్లాడాడు.

నీకు ఒక నిజం చెప్పాలి. పొట్టలో నీళ్ళు మళ్ళీ చేరాయి. పోయినవారం తీయించాం, ఈవారం మళ్ళీ నిండింది. ఆయన నీకు చెప్పొద్దన్నాడు, "అక్క పరేషాన్ అయితది" అని. నేనూ చెప్పకపోదును. కానీ ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను.

భవాని


మడికొండ
ఆగస్టు 11

భవానీ,

రాఖీ కట్టి వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నువ్వు రాశావు గానీ, ఇంతనుకోలేదు. వాడి చెయ్యి పట్టుకుంటే రాఖీ జారిపోయింది. రెండు చుట్లు తిప్పి కట్టాను. కళ్ళు పసుపు ముద్దలు. అయినా నన్ను చూసి, "అక్కా, నువ్వు చెల్లెలి లెక్క అయితానవే" అని నవ్వాడు. నువ్వు వంటింట్లోకి పోగానే నా చెయ్యి దగ్గరికి లాక్కుని, "జర జల్ది అక్కా" అన్నాడు. అంతే. పుట్టిన్నాటి నుంచి వాడు నన్ను ఏదీ అడిగి ఎరగడు.

బస్సు దిగి ఇంటికి పోలేదు, నేరుగా గుట్ట దగ్గరికి పోయాను. ఎండలో రెండుసార్లు ఎక్కి దిగాను. నిన్న ఆదివారం, మెట్టుగుట్ట దగ్గర పరిచయమైన నడక జట్టుతో పాండవుల గుట్టలకు పోతే, మగవాళ్ళు ఆగిన చోట కూడా నేను ఆగలేదు. బండలు పట్టుకుని పాకుతూ ఎక్కాను, అరచేతులు చీరుకుపోయాయి. దిగి త్రాసు ఎక్కితే డెబ్బై తొమ్మిదిన్నర. పోయిన ఆదివారమూ అదే. పది రోజులుగా ముల్లు కదలడం లేదు. దవాఖానకు ఫోన్ చేస్తే, "అట్లనే అయితదమ్మా, మధ్యల ఒకసారి ఆగుతది, నువ్వు నడువు" అంటున్నారు. వాళ్ళకేం, నడువు అంటారు. వాడి దగ్గర అన్ని రోజులు ఉన్నాయా?

నాకు భయమేస్తోంది భవానీ. ఇంకా ఏడున్నర కిలోలున్నాయి. ఏం చెయ్యను చెప్పు.

తిరుమల


పరకాల
ఆగస్టు 15

వదినా,

నీ చిట్టీ బాత్రూంలో కూర్చుని చదివాను. ఒక మాట చెబుతాను, ఎవరికీ అనకు.

నాకు పెళ్ళైన కొత్తలో కామెర్లు వస్తే మా నాన్న ఒకాయన దగ్గరికి తీసుకుపోయి పసరు పోయించాడు, గుర్తుందా? మూడు ఆదివారాలు. దవాఖాన మందులతో తగ్గనిది దానితో తగ్గింది. ఆ పసరు పోసినాయన పోయాడు, ఇప్పుడు ఆయన కొడుకు పోస్తున్నాడు. మొన్న పోయి అడిగాను. మీ తమ్ముడి సంగతి చెబితే, "నా చేతుల లేదమ్మా, చేయి దాటింది" అన్నాడు. నీ సంగతి చెబితే మాత్రం, "కొవ్వు ఎంతసేపు, మూడు ఆదివారాలల్ల కార్జం, అదే లివర్, కడిగిన గిన్నె లెక్క అయితది" అన్నాడు. పరగడుపున తాగాలి. ఉప్పూ నూనే లేని పథ్యం. ఇంగ్లీషు డాక్టర్లకు చెప్పొద్దన్నాడు, చెబితే తిడతారని.

పంపమంటావా? నీ ఇష్టం వదినా. నేను బలవంతం చెయ్యను. కానీ ఆలస్యం అమృతం విషం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

భవాని


మడికొండ
ఆగస్టు 27

భవానికి,

పంపమని మల్లక్కతో నోటిమాటగా చెప్పిన రోజు నుంచి నీకు రాయలేదు. రెండు ఆదివారాలు అయిపోయాయి. పచ్చగా, చిక్కగా, నోట్లో పెట్టుకుంటే నాలుక మొద్దుబారుతోంది. తాగిన గంటకు కడుపులోది అంతా వచ్చేసింది. మూడు రోజులు గట్క కూడా పట్టలేదు. కానీ విను, డెబ్బై నాలుగు! ఆగిపోయిన ముల్లు ఎట్లా పడిపోయిందో చూడు. ఆ మనిషి చేతిలో ఏదో ఉంది.

గుట్ట ఎక్కుతుంటే మాత్రం కాళ్ళు తేలిపోతున్నాయి. మొన్న సగంలో కూర్చుండిపోతే వజీరా నిలదీసింది, చెప్పక తప్పలేదు. "అరె, డాక్టర్‌ను ఒక్క మాట అడుగు తిరుమలా, అడిగితే ఏం బోతది?" అంది. నేను ఆమె మీద అరిచాను. నీ తమ్ముడైతే తెలిసేదన్నాను. రెండు నెలలు నన్ను చెయ్యి పట్టి ఎక్కించిన మనిషిని అంత మాట అన్నాను. ఆమె ముందు దిగిపోయింది.

ఆపరేషన్ అయినంక క్షమించమని అడుగుతాను. సెప్టెంబర్ ఎనిమిదిన పరీక్షలకు రమ్మన్నారు. వాడి క్యాలెండర్‌లో డెబ్బై నాలుగు రాయించు.

తిరుమల


మడికొండ
సెప్టెంబర్ 10

భవానీ,

నిన్న ఫోన్‌లో నేను వాడితో అన్నది నువ్వూ విన్నావు. "సదా, నాకు భయమైతాంది. నేను సంతకం పెట్టలే. మీ బావ వద్దన్నడు, నేను సుత వద్దనుకున్న." అది అబద్ధం.

నా బరువు డెబ్బై ఒకటిన్నర. కొవ్వు సగానికి సగం కరిగింది. డాక్టరమ్మ ఆ కాగితం చూసి సంతోషంగా లేచి నా భుజం తట్టింది. ఇంతలో రక్తం రిపోర్టు వచ్చింది. అది చూసి కూర్చుంది. ఇంకోసారి చదివింది. తర్వాత, "ఏం తాగినవ్ తల్లీ?" అని అడిగింది. నేను చెప్పాను, ఇక దాచి ఏం లాభం. నా లివర్ వాచిపోయిందట. ఆ పసరుకే అట. మూడు నాలుగు నెలలకు గానీ మామూలు కాదట, ఇప్పుడు కోస్తే నేను బతకనట. మీ అన్నయ్య ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు.

వాడికి అన్ని నెలలు లేవని ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట అంది. "నువ్వు ఏ పసరు తాగకున్నా అయితుండెనమ్మా. నీ గుట్టే కరిగిస్తాండె. ఇంకొక నెల అట్లనే నడిస్తే సరిపోతుండె." ఆమె ఓదార్పుకు అన్నదో, కోపానికి అన్నదో తెలియదు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

వాడు అడిగితే నేను ఏం చెప్పను? నీ పెళ్ళాం పంపింది, నేను తాగాను అని చెప్పనా? అందుకే అట్లా అన్నాను.

తిరుమల


పరకాల
సెప్టెంబర్ 16

వదినా,

నేను ఆయనకు చెప్పేస్తాను. నావల్ల కావడం లేదు.

నువ్వు ఫోన్ పెట్టేసినంక ఆయన చాలాసేపు నవ్వాడు. "మా అక్క పద్నాలుగు కిలోలు తగ్గింది నాకోసం కాదే, సోకుకు" అన్నాడు. కత్తెర అడిగి రాఖీ తెంపుకున్నాడు. క్యాలెండర్ తీసెయ్యమన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నా దిక్కున నిలవడ్డది నువ్వొక్కదానివే" అన్నాడు. నా చెయ్యి, వదినా! ఆ పసరు సీసా పట్టుకుని బస్టాండు దాకా నడిచిన చెయ్యి. నాకు ఆ చెయ్యిని నరుక్కోవాలని ఉంది.

ఆయన నిన్ను తిడుతుంటే సింధు కూడా తిడుతోంది. నేను వింటూ గ్లూకోజు నీళ్ళు కలుపుతున్నాను. ఈ ఆదివారం చెప్పేస్తాను. ఏమైనా కానీ.

భవాని


మడికొండ
సెప్టెంబర్ 18

భవానీ,

చెప్పకు.

చెబితే ఏమవుతుందో ఆలోచించావా? వాడికి లివర్ వస్తుందా? రాదు. రేపటి నుంచి నీ చేతి నీళ్ళు కూడా తాగడు. వాణ్ణి లేపేది, కడిగేది, పక్క తిప్పేది నువ్వు. నేను యాభై కిలోమీటర్ల అవతల ఉన్నాను, నన్ను ఎంత తిట్టుకున్నా వాడికి ఏ లోటూ రాదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నిండా మునిగినదానికి చలి ఏమిటి, నన్ను మునగనీ.

ఇక దీని గురించి రాయకు.

తిరుమల


పరకాల
అక్టోబర్ 24

వదినా,

నిన్నటికి పదకొండు రోజులు. మల్లక్క చిట్టీ ఉందా అని అడగలేదు, నేనే పిలిచి ఇస్తున్నాను.

ఆయన పోయే ముందు రెండు రోజులు స్పృహ వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా ఒకటే మాట, "నా పీనిగ కాడికి మా అక్కను రానియ్యకు." సింధుతో కూడా ఒట్టు వేయించుకున్నాడు. అప్పుడు కూడా నేను చెప్పలేదు. చివరి పొద్దు మంచినీళ్ళు అడిగాడు, నా చేత్తోనే పోశాను. తాగి, నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. నువ్వు కోరుకున్నది అదే కదా. ఆయన నన్ను మంచిదాన్ని అనుకుంటూ పోయాడు.

నువ్వు వచ్చావని నాకు తెలుసు. మీ చిన్నాయన సారంగపాణి గల్లీ చివర నిన్ను ఆపి, "ఏ ముఖం పెట్టుకోని వచ్చినవే?" అని అరిచింది లోపలికి వినిపించింది. నేను శవం పక్కనే కూర్చుని ఉన్నాను. లేచి వస్తే పది అడుగులు. లేవలేదు. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, "తోడబుట్టింది కాదు, రాకాసి" అన్నారు. నేను తల ఊపాను వదినా. నేనూ తల ఊపాను. ఆ తల ఊపినప్పుడు నా ప్రాణానికి కొంచెం హాయిగా కూడా అనిపించింది. అది నీకు చెప్పకుండా ఉండలేను.

ఆయన ఇక లేడు కదా. సింధుకైనా చెప్పనా? అది నీ పేరు ఎత్తితే ఉమ్మేస్తోంది.

భవాని


మడికొండ
డిసెంబర్ 21

భవానీ,

ఇన్నాళ్ళూ రాయబుద్ధి కాలేదు. నిన్న హైదరాబాద్ పోయి రక్తం చూపించుకున్నాను, మూడు నెలలకు రమ్మన్నారు కాబట్టి. అంతా మామూలు అయింది. వాపు లేదు, కొవ్వు లేదు. బరువు డెబ్బై. డాక్టరమ్మ రిపోర్టు చూస్తూ మరిచిపోయి, "ఇగ నువ్వు ఇయ్యొచ్చు" అనేసి, నా ముఖం చూసి ఆగిపోయింది. మీ అన్నయ్య నన్ను బయటికి తీసుకొచ్చాడు. దవాఖాన మెట్ల మీద కూర్చుని ఎంత ఏడ్చానంటే, పూలు అమ్ముకునే ఆమె వచ్చి ఎవరు పోయారని అడిగింది.

నీ మీద కోపం లేదని రాద్దామని మొదలుపెట్టాను. ఉంది. పసరుకు కాదు, అది మన ఇద్దరి బుద్ధి తక్కువ, నువ్వు పంపావు, నేను తాగాను. కోపం దానికి కాదు.

గల్లీ చివర నిలబడ్డప్పుడు నేను ఇంటి వైపే చూస్తున్నాను. చిన్నాయన తిట్టేది నాకు వినపడలేదు. నువ్వు లేచి వస్తావని చూస్తున్నాను. అందరి ముందూ కాకపోయినా, వాడు పోకముందు చెవిలోనైనా చెప్పి ఉంటావని, అందుకే నన్ను లోపలికి పిలుస్తారని అనుకున్నాను. నిన్ను చెప్పకు అన్నది నేనే. నిజంగా అన్నానో లేదో నాకు తెలియదు. రాసేటప్పుడు నిజంగానే అనిపించింది. కానీ సెప్టెంబర్ నుంచి వాడు పోయేదాకా రోజూ ఫోన్ వైపు చూశాను. నువ్వు నా మాట వినకుండా చెప్పేసి ఉంటావని, వాడు "అక్కా" అని ఒక్కసారి పిలుస్తాడని. నువ్వు నా మాట విన్నావు.

సింధు సంగతి అడిగావు. దానికి తండ్రి లేడు. ఇది తెలిస్తే తల్లి కూడా లేకుండా పోతుంది. నేను అత్తను మాత్రమే, లేకపోయినా గడుస్తుంది. దానికి చెప్పకు.

ఇది మాత్రం నిజంగానే అంటున్నాను.

తిరుమల